పిట్టలకు పాలు పోయకండి: గింజల చిప్పలపై అపోహలు - వాస్తవాలు

ఎండాకాలం సెలవుల్లో తిరుపతిలో బిడ్డలతో పిట్టల కోసం కొబ్బరిచిప్ప ఫీడర్లు చేయిస్తుంటాను. చేయడం గంట పని, తర్వాత వాళ్ల అమ్మానాన్నల సందేహాలు తీర్చడం ఇంకో గంట.

అపోహ: పచ్చి బియ్యం తింటే కడుపులో ఉబ్బి పిట్టలు చచ్చిపోతాయి.

వాట్సాప్ పుణ్యం ఇది. వరి కోతకొచ్చినప్పుడు పిట్టలను తోలలేక మన తాతలు గొంతు పోయేలా అరిచారు, అవి తినింది వండిన అన్నం కాదు కదా! గింజను నూరడానికి పిట్టకు కందనకాయ ఉంటుంది, కోడిని కోసేటప్పుడు చూసే ఉంటారు. నూకలు, కొర్రలు, సజ్జలు పచ్చివే పెట్టండి. అసలు చూరుకు వరికంకుల కుచ్చు కట్టే పాత అలవాటును మించిన ఫీడర్ నేనింతవరకు చేయలేదు.

అపోహ: మనం తినేదేదైనా పెట్టొచ్చు.

మురుకులు, మిక్చర్, పులిహోర వద్దు. అంత ఉప్పును చిన్న పిట్ట ఒళ్లు తట్టుకోలేదు. "అక్కా, పాలల్లో నానబెట్టిన బ్రెడ్డు బలమే కదా" అని ప్రతి బ్యాచ్‌లో ఒకరైనా అడుగుతారు. పిట్టలు పాలు తాగి పెరిగే జీవులు కావమ్మా, పాలలోని చక్కెర వాటికి అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. చెనక్కాయలు మన దగ్గర పండేవే, పచ్చి పలుకులు చిన్నగా దంచి వేయొచ్చు. బూజు పట్టినవి మాత్రం వద్దు, వాటిలో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. "మేమెలాగూ తినం, పిట్టలకేద్దాం" అని ఒకరు తెచ్చిన సంచిని అట్లే వెనక్కి పంపించాను.

అపోహ: వీడియోల్లో చూపించినట్టు పైన్ కాయకు పీనట్ బటర్ పూయాల్సిందే.

చలిదేశాల వాళ్లకు అది బాగుంటుంది. మన మే నెల ఎండకు నూనె కారి, పిట్ట ఈకలకు అంటుకుంటుంది. నేను ఉప్పు లేకుండా గట్టిగా కెలికిన రాగి సంగటి వాడతాను. గింజలు ఒలిచేసిన మొక్కజొన్న కండెకు దాన్ని పట్టించి, కొర్రల్లో దొర్లించి, దారం కట్టి వేలాడదీయడమే. చేతులకు పూసుకునే పని కాబట్టి బిడ్డలకు భలే ఇష్టం. మరుసటి రోజుకే తీసేయాలి, పులిసిపోతుంది.

అపోహ: ఒకసారి కట్టేస్తే పని అయిపోయినట్టే.

ఈ తప్పు నేనే చేశాను. ఒక నవంబరులో, తుపాను ముసురు మొదలయ్యే ముందు, చిప్పలకు కింద రంధ్రం పెట్టకుండానే కట్టించేశాను. నాలుగు రోజులకు గింజలు నాని మొలకలొచ్చాయి. "మొలకలొచ్చినాయి మేడమ్!" అని పిల్లలు ఎగిరి గంతులేశారు కానీ, ఆ మొలకల కింద నల్లటి బూజు. తడిసిన గింజలు, పడిన రెట్టలు ఒకేచోట ఉంటే ఒక పిట్ట రోగం మిగతావాటికి అంటుకుంటుంది. ఇప్పుడు కొబ్బరికాయ కన్నున్న సగమే తీసుకుంటాం, మెత్తగా ఉండే కన్నులో మేకు గుచ్చితే నీళ్లు కారిపోతాయి. గింజలు ఒక పిడికెడే వేసి, వారానికోసారి చిప్పను కడిగి ఎండలో పెట్టాలి, కడిగాక బిడ్డలు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పక్కన పెట్టే నీళ్ల మూకుడులో రోజూ నీళ్లు మార్చాలి, లేకపోతే పిట్టల కన్నా ముందు దోమలు పిల్లలు పెడతాయి.

అపోహ: గింజలు వేస్తే చాలు, పిచ్చుకలు పెరుగుతాయి.

గూటిలోని పిల్లలకు తల్లి పిచ్చుక పెట్టేది ఎక్కువగా పురుగులే. పెరట్లో మందు కొట్టి, చిప్పలో కొర్రలు పోస్తే లాభం లేదు. ఇక తేనెపిట్టలకు గింజలతో పనే లేదు. ఎర్రరంగు కలిపిన చక్కెర నీళ్లు పెట్టకండి, ఒక మందార మొక్క నాటండి.

అపోహ: కట్టిన సాయంత్రమే పిట్టలొస్తాయి.

రెండు మూడు వారాలైనా పట్టొచ్చు. ముందుగా ఉడుత వస్తుంది, కొండవైపు ఇళ్లయితే కోతి వచ్చి చిప్పతో సహా పీక్కుపోతుంది. అందుకే మా క్లాసులో ఒక్కొక్కరి చేత రెండేసి చిప్పలు చేయిస్తున్నాను.