నల్ల బంపరు వెనక అమెరికా చట్టం

పాత కారు కొన్నవాళ్ల చూపు ముందు బంపరు మీదే పడుతుంది. ఇంజన్ సంగతి మేస్త్రి చూసుకుంటాడు, బంపరు మాత్రం రోజూ కళ్లెదుటే ఉంటుంది. మన భీమవరం, అమలాపురం వైపు పద్మినీ, అంబాసిడర్ ఉన్నవాళ్లలో కొందరు తుప్పుతో వేగలేక క్రోమ్ బంపరుకు నల్లరంగు కొట్టించేస్తారు. బ్రిటన్, అమెరికాల్లో ఎంజీబీ స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లు దీనికి ఎదురు పని చేస్తారు. కంపెనీ ఇచ్చిన నల్ల బంపరు పీకేసి క్రోమ్ వేయించుకుంటారు. ఆ నల్ల బంపరు డిజైనర్ సరదాపడి పెట్టింది కాదు.

1970ల మొదట్లో అమెరికాలో చిన్నచిన్న గుద్దులకే రిపేరు ఖర్చు తడిసి మోపెడయ్యేది. దాంతో అక్కడి ప్రభుత్వం బంపర్లకు ఓ ప్రమాణం పెట్టింది. 1973 మోడళ్లు ముందు వైపు గంటకు 5 మైళ్ల వేగంతో, అంటే సుమారు 8 కిలోమీటర్లతో, వెనక వైపు 2.5 మైళ్లతో గోడకు తగిలినా లైట్లు, పెట్రోల్ ట్యాంకు లాంటివి చెడకూడదు. సంక్రాంతి మూడు రోజులూ మన ఊళ్లలో కార్లు కదిలే వేగం దాదాపు అంతే! ఆ మరుసటి ఏడాది వెనక బంపరుకూ 5 మైళ్లు చేశారు. పైగా నేల నుంచి 16, 20 అంగుళాల మధ్య ఎత్తులో దెబ్బ కొట్టి చూసే పరీక్ష వచ్చింది. నేలబారుగా ఉండే స్పోర్ట్స్ కార్లకు అసలు చిక్కు ఇక్కడే వచ్చిపడింది.

జర్మనీ స్పోర్ట్స్ కార్ల కంపెనీ పోర్షె ఈ గండాన్ని తెలివిగా దాటింది. తన 911 కారు 1974 మోడల్‌కు అల్యూమినియం బంపరు పెట్టి, పక్కన హార్మోనియం తిత్తిలా ముడుచుకునే రబ్బరు మడతలు తొడిగింది. నా కంటికి అవి ఇప్పటికీ అందంగానే కనిపిస్తాయి. అయినా వాటిని తీసేసి అంతకుముందు మోడల్ రూపం తెప్పించుకునేవాళ్లు బోలెడంతమంది.

ఎంజీబీ చేసే కంపెనీ దగ్గర కొత్త కారు తయారుచేసేంత డబ్బు లేదు. మొదట బంపరుకు రెండు పెద్ద రబ్బరు దిమ్మలు తగిలించింది. జనం వాటికి నిండైన ఎదకు పేరుపడ్డ 1950ల నటి సబ్రీనా పేరు పెట్టి ఎగతాళి చేశారు. 1974 చివర్లో ఉక్కు చట్రం మీద పాలీయురెథేన్ అనే రబ్బరులాంటి ప్లాస్టిక్ పోతపోసిన నల్ల బంపర్లు వచ్చాయి. ఎత్తు సరిపోవడానికి కారునే ఒకటిన్నర అంగుళం పైకి లేపారు. దాంతో మలుపుల్లో కారు ఒరిగిపోవడం మొదలైంది. చట్టం అమెరికాదైనా, రెండు రకాలు చేయడం గిట్టుబాటు కాక అన్ని దేశాలకూ ఆ బంపరే అంటగట్టారు. 1980లో ఎంజీబీ తయారీ ఆగింది. తర్వాత రెండేళ్లకే అమెరికా ఆ ప్రమాణాన్ని 2.5 మైళ్లకు తగ్గించింది.

అందుకే నల్ల బంపరు ఒక్కటే తీస్తే సగం పనే అయినట్టు. ముందు క్రాస్‌మెంబర్ (ముందు చక్రాల సస్పెన్షన్‌ను మోసే అడ్డ దూలం), వెనక స్ప్రింగులు కూడా మార్చి కారును కిందికి దించకపోతే, పొడుగు కాళ్ల మీద క్రోమ్ పెట్టినట్టు ఉంటుంది. దించితే మన కాలువ గట్ల రోడ్ల మీద, ఊరికో నాలుగున్న స్పీడ్‌బ్రేకర్ల మీద అడుగు గీరుకుపోతుంది. ఇక్కడ తిప్పే కారైతే దించమని మాత్రం నేను చెప్పను.

క్రోమ్‌కూ మన గాలి పడదు. పైన మెరిసే క్రోమ్ పొర మైక్రాన్, అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు, కూడా ఉండదు, ఉక్కును నిజంగా కాపాడేది దాని కింది నికెల్. నికెల్ పల్చగా వేసి క్రోమ్‌తో మెరిపించిన బంపరు కాకినాడ, నరసాపురం ఉప్పుగాలికి త్వరగానే చుక్కలు దేలుతుంది. నల్లరంగు కొట్టించేవాళ్లను అందుకే తప్పుపట్టలేం.

మన చట్టంలో బంపరు గొడవ వేరే దారిలో వచ్చింది. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. కార్ల ముందు బిగించే ఇనప గార్డులు ఈ సెక్షన్‌కు విరుద్ధమని, చర్య తీసుకోవాలని 2017 డిసెంబర్‌లో కేంద్రం రాష్ట్రాలకు రాసింది. 2019 సవరణ తర్వాత యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు.

2021లో వింటేజ్ బండ్లకు విడిగా నిబంధనలు వచ్చాయి. తొలి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటి ఉండాలి, కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, నంబరులో వీఏ అక్షరాలు. ఛాసిస్, బాడీ, ఇంజన్‌లో పెద్ద మార్పులేవీ లేకుండా బండి అసలు రూపంలో ఉండాలి. 1974లో పద్మినీ పేరుతో వచ్చిన తొలి కార్లకూ, నల్ల బంపరుతో వచ్చిన తొలి ఎంజీబీలకూ ఆ యాభై ఏళ్లు నిండాయి. పద్మినీకి అసలు రూపమంటే క్రోమ్. ఆ ఎంజీబీకి మాత్రం, అందరూ పీకేయాలనుకునే ఆ నల్ల బంపరే.