పండు ఈగ కడుపున పుట్టే కందిరీగ

విశాఖ దగ్గరి ఆనందపురం, పద్మనాభం వైపు సువర్ణరేఖ మామిడికాయ పైకి నిగనిగలాడుతుంది. కోస్తే లోపల తెల్లని పురుగులు, అవి పండు ఈగ పిల్లలు. పండు ఈగ ఉనికే ప్రధాన కారణంగా 2014 మేలో యూరప్ మన మామిడిని ఆపేసింది. 2015 మొదట్లో ఆ నిషేధం తొలగింది. ఎగుమతి కాయని 48 డిగ్రీల వేడినీటిలో గంటసేపు ఉంచితే లోపలి పురుగు చస్తుంది, కానీ తోటలో ఈగ తోటలోనే ఉంటుంది.

దీనికి విరుగుడు వెతకడం ఇక్కడ ఎప్పుడో మొదలైంది. బీహార్‌లోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలో కీటక శాస్త్రవేత్త హౌలెట్ 1912లో సిట్రొనెల్లా నూనెకి మగ ఈగలు మూగడం గమనించి, 1915కల్లా దాని గుట్టు మిథైల్ యూజినాల్ అనే రసాయనమని తేల్చారు. ఇవాళ్టి ఎర బుట్టలకి మూలం అదే. 1916లో హవాయి కీటక శాస్త్రవేత్త ఫుల్లవే మన దేశం నుంచి కాకర, బీర పాదుల ఈగని చంపే చిన్న కందిరీగని హవాయికి పట్టుకెళ్లారు. దాని పేరు సిటాలియా ఫ్లెచరీ. విశాఖ కూడా కలిసి ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో కీటక శాస్త్రవేత్తగా పనిచేసి, తర్వాత పూసాకి వెళ్లిన ఫ్లెచర్ పేరు అది.

మామిడి, జామల్ని పాడుచేసే ఈగ రెండో ప్రపంచ యుద్ధం ముగిసే వేళకి హవాయి చేరింది. అప్పుడు ఆసియా నుంచి తెప్పించిన కందిరీగల్లో చివరికి నెగ్గింది ఫోపియస్ అరిసానస్. ఇది ఈగ గుడ్డులోనే తన గుడ్డు పెడుతుంది. ఈగ పిల్ల మామూలుగానే పెరిగి మట్టిలోకి దిగి గూడు కడుతుంది, కానీ ఆ గూడులోంచి వచ్చేది కందిరీగ. ఇది మన దేశంలోనూ ఉంది.

మరి మన మామిడిలో ఇలాంటి కందిరీగలు ఎందుకు అంతగా కనిపించవు? గుడ్డుని కాక పురుగుని వేటాడే మిగతా కందిరీగల గుడ్లు పెట్టే సూది పొట్టిది. జామ, రేగు లాంటి చిన్న పండులో పురుగు అందుతుంది, పెద్ద మామిడి గుజ్జులో లోతుకి పోతే అందదు. పురుగుల గుడ్లలో పెరిగే మరో చిన్న కందిరీగ ట్రైకోగ్రామా కార్డులు కట్టినా ప్రయోజనం లేదు, ఈగ గుడ్డు తొక్క కింద దాగి ఉంటుంది. వీటికి తోడు తోటంతా తడిపే మలాథియాన్ పురుగుమందు పిచికారీ ఈగతో పాటు కందిరీగనీ చంపుతుంది.

అసలు నష్టం రాలిన కాయ దగ్గర జరుగుతోందని మా అభిప్రాయం. వదిలేస్తే ఈగలు పెరుగుతాయి, లోతుగా పాతిపెడితే ఈగతో పాటు కందిరీగా పోతుంది. హవాయిలో దీనికి వలగుడారం కట్టారు. వల కన్ను సుమారు 3 చదరపు మిల్లీమీటర్లు ఉంటే సన్నని కందిరీగ బయటపడుతుంది, లావుపాటి ఈగ లోపలే చస్తుంది. వల అంచుని జానెడు లోతున మట్టిలో కప్పాలి, లేకపోతే పురుగులు కిందుగా జారిపోతాయి. మే ఎండకి లోపల ఉడికిపోకుండా చెట్టు నీడన కట్టాలి. చీమలు పడితే పురుగుల్నీ గూళ్లనీ తినేస్తాయి కాబట్టి చీమలపుట్టకి దూరంగా ఉంచాలి. రాలిన కాయల్ని రెండు రోజులకోసారి ఏరి గుడారంలో వేయాలి. కందిరీగ ఈగ కంటే ఆలస్యంగా వస్తుంది, అందుకే చివరి కాయ వేశాక కనీసం నెల రోజులు గుడారం విప్పకూడదు.

మగ ఈగలకి ఎర బుట్టలు కడితే కందిరీగలకి హాని లేదు: ఆల్కహాల్, మిథైల్ యూజినాల్, మలాథియాన్ 6:4:1 పాళ్లలో కలిపి నానబెట్టిన చెక్కముక్క ఒక్కో బుట్టకి ఒకటి చాలు.