చాంబర్‌కి డ్రెయిన్ వాల్వ్ పెట్టించే ముందు: అపోహలు - వాస్తవాలు

చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కింద బోల్టు విప్పే పని లేకుండా, లివర్ తిప్పితే ఇంజన్ ఆయిల్ దిగిపోయే వాల్వులు ఆన్‌లైన్‌లో బాగా దొరుకుతున్నాయి. విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకి వాటిని కొనుక్కునే వచ్చి, బిగించమంటున్నారు. కొన్నాక కాదనడం కన్నా కొనకముందే చెప్పడం మేలు.

అపోహ: రాయి తగిలితే లివర్ తిరిగి, దార్లోనే ఆయిలంతా కారిపోతుంది.

మొదట అందరూ అడిగేది ఇదే. జపాన్ ఫుమోటో తరహా వాల్వులో ఒక బాల్ ఉంటుంది, లివర్‌ని పావు చుట్టు తిప్పితే దారి తెరుచుకుంటుంది. అయితే ఆ లివర్ గాడిలో కూర్చుని ఉంటుంది, స్ప్రింగు దాన్ని అక్కడే అదిమి పెడుతుంది. వేలితో గాడిలోంచి తప్పిస్తే తప్ప తిరగదు. కుదుపులకు దానంతటది తెరుచుకోదు.

భయపడాల్సింది వాల్వు మొత్తంగా దేనికైనా గుద్దుకోవడం గురించి. ఇత్తడి బాడీ మర దగ్గర విరిగితే ఆయిల్‌ని ఆపేది ఏదీ ఉండదు. రోడ్ల కొలతలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు. ఆ కొలతలో వేసినవి మన కాలనీల్లో వెతుక్కోవాలి. అందుకే ముందు బండిని ర్యాంపు ఎక్కించి చూడండి. వాల్వు పెడితే చాంబర్ అడుగు కన్నా కిందికి వేలాడుతుందనిపిస్తే వద్దే వద్దు. బోల్టు పక్కకో వెనక్కో ఉంటే పైపు తొడిగే ముక్కు లేని పొట్టి రకం తీసుకోండి. జర్మనీ స్టాల్‌బస్ రకానికైతే లివరే ఉండదు. పైపు అడాప్టర్ బిగించినప్పుడే లోపలి స్ప్రింగు వాల్వు తెరుచుకుంటుంది, మిగతా సమయమంతా పైన మూత ఉంటుంది.

అపోహ: బోల్టుకి 14 స్పానర్ పడింది కాబట్టి 14 వాల్వే కావాలి.

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. స్పానర్ నంబరు బోల్టు తలది, మరది కాదు. చాలా టయోటాల్లో తల 14, మర 12×1.25. మారుతి, హోండా, హ్యుందాయ్ పెట్రోలు కార్లలో ఎక్కువగా తల 17, మర 14×1.5. మొదటి అంకె మర వ్యాసం, రెండోది పిచ్, అంటే మరకీ మరకీ మధ్య దూరం, రెండూ మిల్లీమీటర్లలో. అదీ కలవాలి. మీ బండి బోల్టు విప్పి కొలిపించుకున్నాకే కొనండి. వాల్వుని మొదటి మూడు నాలుగు చుట్లు చేత్తోనే తిప్పాలి. చేతికి తిరగలేదంటే ఆపేయాలి. రించి వేసి బలవంతం చేస్తే పోయేది వాల్వు మర కాదు, అల్యూమినియం చాంబర్ మర.

అపోహ: ఎంత గట్టిగా బిగిస్తే అంత కారదు.

కారకుండా ఆపేది వాషర్. 14×1.5 స్టీలు బోల్టుకే చాలా బళ్లలో 35-40 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. బోలుగా ఉండే ఇత్తడి వాల్వుకి దాని కాగితంలో ఎంత రాసి ఉంటే అంతే, బిగువు కొలిచే టార్క్ రించితోనే. వాషర్ కొత్తది వేయాలి. టెఫ్లాన్ టేపు చుట్టనివ్వకండి, ఆ పీచు ఊడి ఆయిల్ స్ట్రెయినర్‌కి (ఆయిల్‌ని వడకట్టే జల్లెడకి) చేరుతుంది.

అపోహ: వాల్వుంటే పని త్వరగా, శుభ్రంగా అయిపోతుంది.

శుభ్రంగా అవుతుంది, త్వరగా కాదు. రంధ్రం వ్యాసం సగమైతే ఆయిల్ పోయే దారి నాలుగో వంతే మిగులుతుంది. ఇంజన్ వేడి మీదే తెరిచి, చుక్కలు ఆగేదాకా ఓపిక పట్టాలి. వాల్వు మర చాంబర్ లోపలికి పొడుచుకొస్తే అడుగున కొంచెం ఆయిల్ మిగిలిపోతుంది కూడా. ఫిల్టర్ ఎలాగూ విప్పాల్సిందే. పాత బోల్టుకి అయస్కాంతం ఉండి ఉంటే, ఇనప రజను పట్టే ఆ సాయం పోతుంది.

వారంటీలో ఉన్న బండికి నేను పెట్టను. ఏడాదికో 10,000 కిలోమీటర్లకో ఒకసారి ఆయిల్ మార్చే సొంత కారుకి అసలు బోల్టు, కొత్త వాషర్ చాలు. రాత్రీ పగలూ తిరిగే క్యాబులకి, జనరేటర్లకి మాత్రం నిజంగా పనికొస్తుంది. పెట్టించుకున్నవాళ్లు మొదటి కొన్ని రోజులు రాత్రిపూట బండి కింద అట్టముక్క పరిచి తడి చూసుకోండి, పాత బోల్టుని వాషర్‌తో సహా డిక్కీలో ఉంచుకోండి.