కోల్‌కతా కంచంలోకి రెండు దారులు

కైకలూరు, ఆకివీడు చుట్టుపక్కల చెరువుల్లో పట్టిన శీలావతి, బొచ్చె చేపలు ఐసు పొరల మధ్య ట్రేలలో చేరి, లారీల మీద వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి కోల్‌కతా పక్కనే ఉన్న హౌరా మార్కెట్లో దిగుతాయి. కరుగుతున్న ఐసు చేపను సున్నా డిగ్రీల దగ్గర తడిగా ఉంచడం వల్ల దాన్ని కుళ్లబెట్టే ఎంజైములు, బాక్టీరియా మందగిస్తాయి. పైగా వెచ్చటి నీళ్లలో పెరిగిన చేప మీది సూక్ష్మజీవులకు చలి అలవాటుండదు కనుక, అది చలిదేశాల చేప కంటే ఐసులో ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఇలా బయటి నుంచి వచ్చిన సరుకును బెంగాలీలు ‘చాలానీ’ అంటారు. ఆ మాటలో కాస్త చిన్నచూపు లేకపోలేదు.

రెండో దారి చాలా పొట్టిది. నగరానికి తూర్పున దాదాపు 12,500 హెక్టార్ల చిత్తడి నేలల్లో ‘భేరీ’లనే లోతు తక్కువ చెరువులున్నాయి. వాటిలోకి నగరపు మురుగునీటిని కాలువల ద్వారా వదులుతారు. బాక్టీరియా మురుగును విడగొట్టి నత్రజని, భాస్వరం లవణాలను విడుదల చేస్తే, ఎండ తగిలిన నాచు వాటిని తిని పెరుగుతూ ప్రాణవాయువును ఇస్తుంది. ఆ నాచునూ, దాన్ని తినే సూక్ష్మజీవులనూ చేపలు తింటాయి. మోతాదు మించితే మాత్రం రాత్రికి రాత్రే ప్రాణవాయువు హరించుకుపోయి, తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరుచుకుని నీటి పైకి వస్తాయి. మన చెరువుల రైతులకూ తెలిసిన దృశ్యమే. అందుకే మురుగును కొద్దికొద్దిగా వదలడం ఇక్కడి జాలరుల నేర్పు. మురుగును శుద్ధి చేస్తూనే తిండి పండించే ఈ పద్ధతి విలువను ఇంజనీరు ధ్రువజ్యోతి ఘోష్ 1980ల్లో లోకానికి చాటారు. 2002లో ఈ ప్రాంతం అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది.

రెండింటిలో ఏది మేలన్న వాదన నాకు అర్థంలేనిదిగా తోస్తుంది. అంత పెద్ద నగరానికి భేరీలు ఒక్కటే చాలవు. లారీల దారి ఒక్కటే అయితే ఒక తుఫానో, ఒక వదంతో చాలు, తెగిపోవడానికి. 2018 జూలైలో, చేప కుళ్లకుండా కలిపే ఫార్మలిన్ అనే హానికర రసాయనం ఆనవాళ్లు దొరికాయని అస్సాం ప్రభుత్వం బయటి చేపల రాకను పది రోజులు ఆపేసింది. భేరీ చేపకూ మచ్చ ఉంది: బాంతలా తోళ్ల పరిశ్రమలు పక్కనే ఉన్నాయి కనుక భార లోహాల పరీక్ష క్రమం తప్పకుండా జరగాలి.

అయినా తెల్లవారకముందే వేలానికొచ్చి, కొన్ని ఇంకా తోక కొట్టుకుంటుండగానే అమ్ముడుపోయే భేరీ చేపల్లో చిన్నసైజువి చాలా ఉంటాయి. పెద్ద చేప కొనలేని ఇళ్లకు చేరేవి అవే. ఆ చెరువులకు ఇప్పుడు పూడికతో లోతు తగ్గడం ఒక బెడద, గట్టు దాకా వచ్చిన రియల్ ఎస్టేట్ మరొకటి. మురుగు సరిగా అందకపోవడం మూడోది: పంపింగ్ స్టేషన్లు నడిచేది నగరం మునగకుండా చూడటానికే తప్ప, భేరీలకు కావలసిన నీటిమట్టం కోసం కాదు.