చెరువులు చుక్కలు, కాలువలు గీతలు: బెంగళూరు వరదల వెనుక కథ

2022 సెప్టెంబరు 5న తెల్లారేసరికి బెళ్లందూరు, సర్జాపూర్ రోడ్డు, ఔటర్ రింగ్ రోడ్డులో చాలాచోట్ల నీళ్లు నిలిచిపోయాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్తున్న ఫొటోలు ఆ వారమంతా ఫోన్లలో తిరిగాయి. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బైకులన్నీ మునిగాయి. తర్వాతి నెల మదనపల్లె దగ్గరి మా ఊరి నుంచి నాయన వచ్చాడు. వీధి చివరి కల్వర్టు దగ్గర నిలబడి చాలాసేపు చూశాడు. రెండు తూములున్న కల్వర్టు అది. ఒక తూముకు అడ్డంగా నీళ్ల పైపు, పైపు మీదుగా కేబుళ్లు, కేబుళ్లకు చుట్టుకున్న కవర్లు, కొబ్బరి బోండాలు. రెండో తూములో మోకాలి లోతు బురద. "ఈడికి నీళ్లు యాడ్నించి వస్తాయి? మరవ యాడికి పోతాది?" అని అడిగాడు. మరవ అంటే చెరువు నిండితే నీళ్లు పొంగి పారే దారి. పదేళ్లుగా ఈ ఊళ్లో ఉంటున్నా నా దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు వెతకబోతే కథ చాలా వెనక్కి వెళ్లింది.

బెంగళూరు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఒక మిట్ట మీద ఉంది. ఏడాది పొడవునా పారే నది లేదు. వాన నీళ్లు మిట్టకు పడమర పడితే వృషభావతి, అర్కావతుల మీదుగా కావేరిలో కలుస్తాయి. తూర్పున పడితే దక్షిణ పినాకిని వైపు పోతాయి. 1537లో కెంపేగౌడ కోట కట్టక ముందూ, కట్టిన తర్వాతా ఇక్కడివాళ్లు వాలు చూసుకుని చెరువులు తవ్వారు. పై చెరువు నిండితే మరవ పారి కింది చెరువుకు, అది నిండితే దాని కిందిదానికి. మనం గొలుసుకట్టు చెరువులంటాం. వాటిని కలిపే పెద్ద కాలువను కన్నడంలో రాజకాలువె అంటారు, ఏ తూము ఎప్పుడు ఎత్తాలో చూసే మనిషిని నీరుగంటి అంటారు. మన ఊరి బస్సు కోసం మనం లగేజీతో నిలబడే మడివాళ పక్కనే ఒక చెరువుంది. అక్కడి నుంచి అగర, అగర నుంచి బెళ్లందూరు, బెళ్లందూరు నుంచి వర్తూరు, ఆ తర్వాత దక్షిణ పినాకిని. ఆ నీళ్లు చివరికి తమిళనాడు దాటి కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తాయి.

ఊరు పెరిగే కొద్దీ గొలుసులో కొన్ని చెరువులు పోయాయి. ధర్మాంబుధి చెరువు మెజెస్టిక్ బస్టాండు అయింది. సంపంగి చెరువులో చాలా భాగం కంఠీరవ స్టేడియం అయింది. వీటి గురించి అందరూ మాట్లాడతారు. చెరువుకు పేరుంటుంది, ఒడ్డున గుడి ఉంటుంది, అది పోతే జనానికి తెలుస్తుంది. రెండు చెరువుల మధ్య కాలువకు చాలాసార్లు పేరే ఉండదు. దాని మీద స్లాబు వేసి దుకాణం కడితే వాన పడేదాకా ఎవరికీ తెలియదు. నా దృష్టిలో అసలు నష్టం అక్కడే జరిగింది.

చుక్కల కంటే వాటిని కలిపే గీతలే ముఖ్యం అన్న ఆలోచనకు గణితంలో పుట్టినరోజుగా 1736ను చెప్పుకుంటారు. కోనిగ్స్‌బర్గ్ ఊళ్లో (ఇప్పటి కాలినిన్‌గ్రాడ్) ప్రెగెల్ నది మీద ఏడు వంతెనలుండేవి. దాటిన వంతెన మళ్లీ దాటకుండా ఏడూ చుట్టి రాగలమా అన్నది ఊరివాళ్ల ప్రశ్న. గణితజ్ఞుడు లెనార్డ్ ఆయిలర్ వీధుల పొడవు, నది వెడల్పు, అన్నీ పక్కన పెట్టేశాడు. నేల నాలుగు ముక్కలు, ఏ ముక్కకు ఎన్ని వంతెనలు తగులుతున్నాయి, అంతే చూశాడు. ఒకదానికి ఐదు, మిగతా మూడింటికి మూడేసి. నాలుగూ బేసి సంఖ్యలే, అలాంటి ముక్కలు రెండుకు మించితే అలా నడవడం కుదరదని తేల్చాడు. ఇలా చుక్కలు, గీతలుగా గీసే బొమ్మకు గ్రాఫ్ అనే పేరు చాలా తర్వాత, 1878లో సిల్వెస్టర్ అనే గణితజ్ఞుడు పెట్టాడు.

అదే ఊళ్లో 1824లో పుట్టిన భౌతిక శాస్త్రవేత్త కిర్కాఫ్ ఈ చూపును కరెంటు తీగల మీదికి తెచ్చాడు. కూడలికి వచ్చే కరెంటు ఎంతో, పోయే కరెంటూ అంతే. మా నాయన చెరువు లెక్కా ఇంచుమించు ఇదే: వచ్చింది పోవాలి, లేదా నిలవాలి. 1945లో అమెరికా ఇంజినీరు రాబర్ట్ హోర్టన్ వాగులకు వరుసలు కట్టాడు. చిన్న వాగులు కలిసి పెద్దవి, అవి కలిసి నది. ప్రతి మెట్టులో చిన్న వరుసవి పెద్ద వరుసవాటి కంటే కొన్ని రెట్లు ఎక్కువ ఉంటాయని చూపించాడు.

మా కల్వర్టుకు సూటిగా వర్తించే లెక్క మాత్రం యుద్ధభయంలోంచి పుట్టింది. 1955లో అమెరికాలో హారిస్, రాస్ అనే ఇద్దరు సోవియట్ రైలు మార్గాల మీద రహస్య నివేదిక రాశారు. ఎక్కడ తెంపితే సరుకు ఆగిపోతుందన్నది వాళ్ల ప్రశ్న. మరుసటి ఏడాది ఫోర్డ్, ఫల్కర్సన్ దాన్ని సిద్ధాంతంగా అచ్చువేశారు. ఒక నెట్‌వర్క్‌లో ఎంత పారగలదన్నది అందులోని అతి ఇరుకైన కోత (నెట్‌వర్క్‌ను రెండుగా తెంపే చోటు) ఎంత మోయగలదో అంతే. పైన కాలువను వంద అడుగులకు వెడల్పు చేసి రాళ్లు పేర్చినా, నీళ్లన్నీ దాటాల్సిన కల్వర్టు ఒక్క తూముతో ఉంటే, దాటేది ఆ ఒక్క తూము నీళ్లే. మిగతాది మా సెల్లార్‌లోకే.

ఆ తర్వాత ఈ శాస్త్రం అన్ని వైపులకూ పాకింది. 1973లో సామాజిక శాస్త్రవేత్త గ్రనొవెటర్ ఉద్యోగాల కబుర్లు దగ్గరి స్నేహితుల కంటే ముఖపరిచయస్తుల ద్వారా ఎక్కువ అందుతాయని చూపించాడు. మారతహళ్లి పీజీల్లో రెఫరల్ కోసం తిరిగిన మనవాళ్లకు ఇది అనుభవమే. 1998లో వాట్స్, స్ట్రొగాట్జ్ ఒక పురుగు నాడీ వ్యవస్థలో, కరెంటు గ్రిడ్‌లో, సినిమా నటుల పరిచయాల్లో ఒకే పోలిక కనిపెట్టారు: ఏ చుక్క నుంచి ఏ చుక్కకైనా కొన్ని గీతల్లోనే చేరిపోవచ్చు. మరుసటి ఏడాది బరబాషి, ఆల్బర్ట్ కొన్ని చుక్కలకే బోలెడు గీతలు ఎందుకు చేరతాయో చెప్పారు. అలాంటి చుక్కలకు టీకా ముందు వేస్తే అంటువ్యాధి త్వరగా ఆగుతుందన్న పరిశోధనలూ అందులోంచే వచ్చాయి.

గొలుసు ఒకచోట తెగితే ఏమవుతుందో మనం కళ్లతో చూశాం. 2012 జులై 30న బీనా-గ్వాలియర్ కరెంటు లైను ట్రిప్పయింది. దాని భారం పక్క లైన్ల మీద పడి, అవి కూడా ఆగి, ఉత్తర గ్రిడ్ మొత్తం పడిపోయింది. మరునాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు మూడూ ఆగిపోయాయి. నీళ్లలో ఇదే జరిగింది 2021 నవంబరులో. అప్పటి కడప జిల్లాలో పింఛా ప్రాజెక్టు కట్ట తెగి ఆ వరద కింద ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మీద పడింది. 19వ తేదీ తెల్లవారుజామున దాని మట్టికట్ట కొట్టుకుపోయి చెయ్యేరు ఒడ్డున ఊళ్లు ధ్వంసమయ్యాయి. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. బెళ్లందూరు దగ్గర కల్వర్టును చూస్తున్నప్పుడు నాయన మనసులో ఉన్నది అదేనని తర్వాత అర్థమైంది.

2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ బెంగళూరులో చెరువుల చుట్టూ 75 మీటర్లు, రాజకాలువల్లో పెద్దవైన మొదటి రకానికి 50, రెండో రకానికి 35, అన్నిటికంటే చిన్నవైన మూడో రకానికి 25 మీటర్లు ఖాళీగా ఉంచాలంది. 2019 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి పాత మాస్టర్ ప్లాన్ హద్దుల్నే ఉంచింది. వాటి ప్రకారం అప్పట్లో చెరువుకు 30 మీటర్లు, కాలువలకు 50, 25, 15. అంటే మొదటి రకం కాలువలకు అంకె మారలేదు, కాలువల్లో కోత పడింది చిన్నవాటికి. హోర్టన్ లెక్కలో సంఖ్యలో అన్నిటికంటే ఎక్కువ ఉండేవి, ప్రతి వీధి నీటినీ ముందు అందుకునేవి అవే. మా వీధి చివర పారేదీ అలాంటి చిన్న కాలువే. నీళ్ల పైపు ఇంకా ఆ తూముకు అడ్డంగానే ఉంది.