చెరసాలలో పుట్టిన తోలు టిప్

స్నూకర్ ఆడే కర్ర (క్యూ) కొనకు అంటించే తోలు టిప్ 9, 10 మిల్లీమీటర్ల వెడల్పుంటుంది. చొక్కా గుండీ కన్నా చిన్నది. దాన్ని ఎంత గుండ్రంగా అరగదీయాలి, ఎంత గరుకుగా ఉంచాలి, ఎప్పుడు పీకేయాలి అన్న పేచీ మాత్రం స్నూకర్ కన్నా పాతది.

స్నూకర్‌కు తల్లిలాంటి బిలియర్డ్స్‌ను మొదట్లో చివర దిమ్మ ఉన్న ‘మేస్’ అనే కర్రతో, బంతిని నెడుతూ ఆడేవారు. బంతి కుషన్‌కు (బల్ల అంచు గట్టుకు) ఆనుకుని ఆగితే దిమ్మ పట్టదు. అప్పుడు కర్ర తిరగేసి తోకతో పొడిచేవారు. ఫ్రెంచిలో తోకను ‘క్యూ’ అంటారు, పేరు అలా వచ్చిందే. కానీ అది ఉత్త కర్ర మొన. నడిమధ్యన తగిలితే సరి, కాస్త పక్కకు పోతే జర్రున జారేది.

19వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్సువా మింగో అనే ఫ్రెంచి సైనికాధికారి రాజకీయాల్లో నోరు జారి ప్యారిస్‌లో జైలుపాలయ్యాడు. అక్కడ బిలియర్డ్స్ బల్ల ఉండేది. గుర్రపు జీను తోలులోంచి ఒక ముక్క కోసి క్యూకు అంటించాడని చెప్పుకుంటారు. జీను సంగతెలా ఉన్నా, తోలు అంటించాక బంతి పక్కకూ కిందకీ కొట్టినా క్యూ జారలేదు. బంతి వెనక్కి రావడం, వంకర తిరగడం చూసి జనం నోరెళ్లబెట్టారు. 1827లో అతను ఆ దెబ్బలతో ప్యారిస్‌లో ఒక పుస్తకమే వేశాడు.

ఇంగ్లండులో బాత్ పట్టణంలో జాన్ కార్ అనే మార్కర్ (ఆటలో లెక్క రాసేవాడు) టిప్ జారకుండా రుద్దే ‘మెలిక పొడి’ పేరుతో చిన్న డబ్బాలు అమ్మి సొమ్ము చేసుకున్నాడు. లోపల ఉన్నది మామూలు సుద్దే! ఇప్పుడు మనం టిప్‌కు రుద్దేదాన్ని చాక్ అంటున్నా, చాలావాటిలో సుద్ద ఉండదు. అమెరికా ఆటగాడు స్పింక్స్, రసాయనవేత్త హాస్కిన్స్ 1897లో పేటెంట్ తీసుకున్నది ఇసుకజాతి గరుకు పొడి. అంతకుముందే, 1875లో జబల్‌పూర్ సైనికాధికారుల మెస్‌లో స్నూకర్ పుట్టేనాటికి తోలూ సుద్దా రెండూ సిద్ధంగా ఉన్నాయి.

గుండ్రం ఎందుకంటే, బంతి నడిమి నుంచి పక్కకు కొట్టినప్పుడు తగిలేది టిప్ భుజం. చదునుగా ఉంటే తగిలేది అంచు. బంతి అర్ధవ్యాసంలో సగం దూరం దాటితే ఎంత మంచి తోలైనా మిస్‌క్యూ (క్యూ జారడం) తప్పదు. అంటే 52.5 మిల్లీమీటర్ల బంతి మీద నడిమి నుంచి 13 మిల్లీమీటర్ల లోపే మన ఆటంతా.

దెబ్బదెబ్బకీ తోలు అణుగుతుంది, అంచు పుట్టగొడుగులా బయటికి పొంగుతుంది. పొంగిన అంచును బ్లేడుతో ఇత్తడి ఫెర్యూల్‌కు (క్యూ కొన పొన్నుకు) సమంగా కోసి, పక్కలకు కాస్త ఉమ్మి తడి రాసి కాగితంతో గట్టిగా రుద్దితే గట్టిపడి మెరుస్తుంది. అసభ్యంగా ఉన్నా పనిచేస్తుంది. నున్నబడిన పైభాగాన్ని ముళ్ల పనిముట్టుతో మెల్లగా తట్టి గరుకు చేస్తే చాలు. ఆకురాయి పట్టుకుని రోజూ అరగదీసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. వాళ్ల టిప్ ఆటలో అరగదు, చేతిలో అరుగుతుంది.

ఇంకో తంటా, ఏ రెండు తోలు ముక్కలూ ఒకలా ఉండవు. ఎల్క్ మాస్టర్ అనే రకం 50 టిప్‌ల డబ్బా కొని, ఒక్కోదాన్నీ నొక్కి, గోటితో గిచ్చి, నాలుగు ఏరుకుని మిగతావి పక్కన పడేసేవాళ్లున్నారు. ఈ గొడవ పడలేకే పలచని తోలు పొరలు అంటించి చేసిన జపాన్ టిప్‌ల వైపు చాలామంది మళ్లారు. ఖరీదెక్కువే గానీ గుండ్రం త్వరగా చెడదు. ఆకురాయి పని తగ్గుతుంది.