మంచు మీద ఎండబెట్టే వేసవి బట్ట

జపాన్‌లో బట్టల్ని మంచు మీద పరిచి తెల్లబరుస్తారట, అది నమ్మకమా, సైన్సా అని ఒక పాఠకురాలు అడిగారు. సైన్సే, అదీ కాస్త చిక్కటిది.

చోటు నీగాటా రాష్ట్రంలోని ఉవోనుమా ప్రాంతం. రామీ అనే మొక్క నారతో అక్కడ ఒజియా చిజిమి, ఎచిగో జోఫు అనే పల్చటి వేసవి బట్టలు చేత్తో నేస్తారు. 2009లో యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో తడి బట్టను పది నుంచి ఇరవై రోజులు మంచు మీద పరుస్తారు.

నారలోని సెల్యులోజ్‌కు సొంత రంగు లేదు. పసుపు ఛాయంతా దాన్ని పట్టుకుని ఉన్న లిగ్నిన్ లాంటి పదార్థాలది. వాటి అణువుల్లో ఏకబంధం, ద్విబంధం ఒకటి విడిచి ఒకటి వస్తాయి. ఆ వరుస నీలి కాంతిని మింగేస్తుంది, కంటికి పసుపు మిగులుతుంది. (ఇంటర్ పిల్లల చేత బంధాల పేర్లు బట్టీ పట్టిస్తాం కానీ, రంగు పుట్టేది అక్కడేనని చెప్పం.) వరుసను మధ్యలో తెంపితే చాలు, పదార్థం కొంత మిగిలినా రంగు పోతుంది.

మరి తెంపేదెవరు? అతినీలలోహిత కిరణాలు. తాజా మంచు వాటిలో 80 శాతానికి పైగా వెనక్కి కొడుతుంది కాబట్టి బట్టకు పైనుంచీ కిందనుంచీ ఎండే. గాలిలోంచి మంచులో చేరిన హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను ఆ కిరణాలు రెండు హైడ్రాక్సిల్ రాడికల్స్‌గా చీలుస్తాయి. జత లేని ఎలక్ట్రాన్‌తో తిరిగే ఈ రాడికల్స్ దొరికిన ద్విబంధం మీదల్లా పడతాయి. బట్ట తెల్లబడేది మంచు ఆవిరయ్యేటప్పుడు వచ్చే ఓజోన్ వల్లేనని ఎక్కువమంది చెబుతారు. నా మొగ్గు మాత్రం పెరాక్సైడ్ వైపే. బ్లీచింగ్ పౌడర్‌తో ఉడకబెడితే నార కూడా దెబ్బతింటుంది, ఈ చలిలో ఆ బెడద తక్కువ. ‘మంచు మహిమ’ అనేసి ఊరుకుంటే ఇంత కథా పోతుంది.

ఒజియా చిజిమి బట్ట మీద కనిపించే సన్నటి ముడతల సంగతి వేరు. 17వ శతాబ్దంలో జపాన్‌లోని అకాషి నుంచి వచ్చిన హోరి జిరో నేర్పిన పద్ధతి అంటారు. అడ్డంగా నేసే పేక నూలుకు మామూలు కన్నా ఎక్కువ పురి పెట్టి నేస్తారు. తర్వాత వేడినీళ్లలో పిసికితే, బాగా మెలిపెట్టిన తాడును వదిలినట్టు, ఉబ్బిన నూలు పురి విప్పుకోవాలని చూసి ముడుచుకుంటుంది. ముడతల మిట్టలే ఒంటికి తగులుతాయి, సందుల్లో గాలి ఆడుతుంది.

నేత కూడా చలికాలంలోనే. పొడి గాలికి రామీ నూలు పుటుక్కున తెగుతుంది. ఊరంతా మంచు కప్పి ఉంటే గాలిలో తేమ ఉంటుంది. ఏళ్లు గడిచి బట్ట మళ్లీ పసుపెక్కితే ఆ కిమోనోను ఉవోనుమాకే పంపి, ఇంకోసారి మంచు మీద పరిపిస్తారు.